చైనా విద్యార్థికి ఇంగ్లిష్ మాట తల కన్నా ముందు తోక చూపించాలి

‘ఐ విల్ సక్సెస్.’ చైనా హైస్కూలు పిల్లల ఇంగ్లిష్ వ్యాసాల్లో తరచూ కనిపించే వాక్యం ఇది. రాసిన పిల్లవాడికి సక్సెస్ అనే మాట రాదా అంటే, వచ్చు. రెండు ‘సి’లు, చివర రెండు ‘ఎస్’లు సరిగ్గానే పెట్టాడు. అర్థం అడిగితే ‘ఛెంగ్‌గోంగ్’ అని టక్కున చెబుతాడు. చిక్కంతా ఆ ఛెంగ్‌గోంగ్‌లోనే ఉంది. మాండరిన్‌లో విజయానికీ అదే మాట, విజయం సాధించడానికీ అదే మాట, విజయవంతమైన దానికీ అదే మాట. రూపు మారదు, వాక్యంలో కూర్చున్న చోటును బట్టి పని మారుతుంది. ఇంగ్లిష్‌లో సక్సీడ్, సక్సెస్, సక్సెస్‌ఫుల్, సక్సెస్‌ఫుల్లీ అని నాలుగు పనులకు నాలుగు రూపాలు. మనవాళ్ళు ‘సక్సెస్ అయ్యాను’ అని తెలుగు క్రియ ఒకటి తగిలించి గట్టెక్కుతారు. చైనా పిల్లవాడికి ఆ వెసులుబాటు లేదు.

అక్కడ 2001 నుంచి మూడో తరగతిలోనే ఇంగ్లిష్ మొదలవుతోంది. జూనియర్ హైస్కూలు దాటేసరికి 1600 మాటలు, కాలేజీ ప్రవేశ పరీక్ష గావ్‌కావ్‌ నాటికి 3000 పైచిలుకు, యూనివర్సిటీలో నాలుగో స్థాయి పరీక్షకు సుమారు 4500. ఈ మెట్లన్నీ ఎక్కడానికి అందరి చేతిలో ఉండేది ఒక్కటే: అకారాది మాటల పుస్తకం, లేదా దాన్నే ఫోన్‌లోకి దింపిన యాప్. మొదటి పేజీలో మొదటి మాట చాలాసార్లు ‘అబాండన్’, అంటే వదిలెయ్యడం. అక్కడే పుస్తకం వదిలేశాం అని చైనా విద్యార్థులు తమలో తాము చెప్పుకునే మాట దేశమంతా తెలుసు. ఆ మాట వెనక ఉన్న అలసట నిజమైనది. దాన్ని సోమరితనం కింద కొట్టేసేవాళ్ళతో నాకు ఏకీభావం లేదు. తప్పు పిల్లల్లో లేదు, వరసలో ఉంది.

యాప్ ఏం అడుగుతుందో చూడండి. పైన ఇంగ్లిష్ మాట, కింద నాలుగు చైనీస్ అర్థాలు, ఒకటి నొక్కాలి. ఏమీ తెలియకుండా నొక్కినా నాలుగింట ఒకసారి ఒప్పవుతుంది. ఒప్పయితే ‘వచ్చిన మాటల’ లెక్కలో చేరుతుంది. ఆ మాట నామవాచకమో క్రియో అడగదు. దాని పక్కన ఏ మాట వస్తుందో అడగదు. ‘ఖాయ్’ అనే చైనీస్ మాటకు తలుపు తెరవడం, దీపం వేయడం, కారు నడపడం, సమావేశం జరపడం, పువ్వు విచ్చుకోవడం అన్నీ అర్థాలే. ‘ఓపెన్ అంటే ఖాయ్’ అని జాబితాలో నేర్చుకున్నవాడు ‘ఓపెన్ ద లైట్’ అనకుండా ఎలా ఉంటాడు? జాబితా చెప్పింది చెప్పినట్టే రాశాడు.

జాబితా పక్షాన చెప్పుకోవాల్సింది ఉంది, ఒప్పుకుంటాను. మొదటి రెండు వేల మాటలకు అదే దగ్గరి దారి. గెట్, టేక్, హౌస్, వాటర్ లాంటి పొట్టి మాటల్ని విడగొట్టడానికి ఏమీ ఉండదు. రోజు, మూడు రోజులు, వారం ఎడంతో మళ్ళీ మళ్ళీ చూస్తే మరపు తగ్గుతుందన్నదీ నిజమే. మూడున్నర వేల చైనీస్ అక్షరాలు రాసి రాసి నేర్చుకున్న చేతులకు ఇంకో మూడు వేల మాటలు భారం కాదనే వాదనకూ కొంత బలముంది. కానీ ఆ వాదన చేసేవాళ్ళు ఆ అక్షరాల్ని పిల్లలు ఎలా నేర్చుకున్నారో మరిచిపోతారు. దాని సంగతికి వస్తాను.

పద నిర్మాణం నేర్పాలి అనగానే మార్కెట్‌లో పుస్తకాలు లాటిన్ ధాతువుల మీద పడతాయి. స్పెక్ట్ అంటే చూడటం, పోర్ట్ అంటే మోయడం, డిక్ట్ అంటే చెప్పడం. చూడ్డానికి ఘనంగా ఉంటుంది, కొనేవాళ్ళకు తెలివి పెరిగినట్టనిపిస్తుంది. చైనా విద్యార్థికి ముందు కావాల్సింది అది కాదు. ఫుల్, నెస్, మెంట్, షన్, లీ లాంటి ప్రత్యయాలు కావాలి. మాండరిన్‌లో ప్రత్యయాలు అసలు లేవని కాదు. ‘హువా’ చేరిస్తే ఆధునికం ఆధునికీకరణ అవుతుంది, ‘జియా’ చేరిస్తే శాస్త్రం శాస్త్రవేత్త అవుతుంది. అయితే అవి కొద్ది. వాటి పని కొత్త అర్థం ఇవ్వడమే తప్ప, మాటకు వాక్యంలో చోటు చూపించడం కాదు. అందుకే ఆ పిల్లలు ఇంగ్లిష్ మాట తలను చూస్తారు, అర్థం దొరకగానే తోకను వదిలేస్తారు. డిసైడ్ రావాల్సిన చోట డెసిషన్, హ్యాపీ రావాల్సిన చోట హ్యాపీనెస్ రాసేస్తారు.

నోటి సంగతి ఇంకా గట్టిది. మాండరిన్‌లో అక్షరం అచ్చుతోనో, న్, ఙ్ ధ్వనులతోనో, ర్‌తోనో ముగుస్తుంది. ట్, డ్, స్, ల్ చివర రావు. ఇంగ్లిష్ తోకల్లో సగం పని చేసేవి అవే. వర్క్డ్, టెక్స్ట్స్ లాంటివి నోట్లో కరిగిపోతాయి. పలకని తోకను చెవి కూడా పట్టదు, చెవి పట్టనిది చేతిలోకి రాదు. కాబట్టి ప్రత్యయం పాఠం బోర్డు మీద రాత పాఠం మాత్రమే అయితే సగం పని వదిలేసినట్టే.

వారానికి ఒక ప్రత్యయం చాలు. ఇరవై నిమిషాల చొప్పున మూడుసార్లు. మొదట ఎర్, లీ. తర్వాత ఫుల్, లెస్ జంట. తర్వాత నెస్, మెంట్. ఆ పైన షన్, ఏబుల్, ఇటీ. ప్రతి వారం ఆరు మాటలు, అవీ పిల్లలకు అర్థం ముందే తెలిసినవి. కొత్త అర్థమూ కొత్త తోకా ఒకేసారి పెడితే తోక మళ్ళీ జారిపోతుంది. మొదటి రోజు నాలుగు గళ్ళ పట్టిక: నామవాచకం, క్రియ, విశేషణం, క్రియావిశేషణం. ఇక్కడ చాలామంది ఉపాధ్యాయులు పొరపాటు చేస్తారు, నాలుగు గళ్ళూ నింపమంటారు. ఒకే మూలం నుంచి పుట్టిన రూపాలన్నీ ఒక కుటుంబం అనుకుంటే, అన్ని కుటుంబాల్లో నలుగురూ ఉండరు. డిఫికల్ట్‌కు రోజూ వాడే క్రియ లేదు. నింపమని బలవంతపెడితే పిల్లలు లేని మాట పుట్టిస్తారు. లేని చోట గీత కొట్టించడం కూడా పాఠమే.

రెండో రోజు ఒకే విషయాన్ని మూడు రూపాలతో మూడు వాక్యాలుగా చెప్పించాలి. ఆమె గెలిచింది, ఆమె గెలుపు, గెలిచిన ఆమె. పక్కనే చైనీస్ వాక్యాలు రాయించాలి. మూడింట్లోనూ ఛెంగ్‌గోంగ్ కదలకుండా ఉండటం, ఇంగ్లిష్ మాట మాత్రం ప్రతిసారీ బట్ట మార్చుకోవడం పిల్లవాడు తన కళ్ళతో చూడాలి. తర్వాత గట్టిగా చదివించాలి, నొక్కు పడే చోట చప్పట్లతో. ఫోటోగ్రాఫ్‌లో నొక్కు మొదట, ఫొటోగ్రఫీలో రెండో చోట, ఫోటోగ్రాఫిక్‌లో మూడో చోట. అక్షరానికి స్వరం, అంటే గొంతు పెంచే దించే తీరు, అతుక్కుని ఉండే భాష నుంచి వచ్చినవాళ్ళకు ఈ జరుగుడు చెప్పకపోతే తెలియదు. మూడో రోజు అర్థం అడగకూడదు. ఖాళీ ఉన్న వాక్యం ఇచ్చి, మూలరూపం పక్కన పెట్టి, తగిన రూపం రాయమనాలి. గావ్‌కావ్‌లో వ్యాకరణ ఖాళీలు పది ఉంటాయి, 150 మార్కుల్లో 15 వాటివి. వాటిలో కొన్ని సరిగ్గా ఇలాగే అడుగుతాయి. పరీక్ష దగ్గర పడింది, ఇవన్నీ కుదరవు అనేవాళ్ళకు నా జవాబు ఆ 15 మార్కులే. వారానికి ఆరు చొప్పున 18 వారాలకు 108 కుటుంబాలు, మూడు వందలకు పైగా రూపాలు. కొత్తగా బట్టీ పట్టాల్సిన అర్థం వాటిలో దాదాపు ఒక్కటీ ఉండదు.

రెండో సెమిస్టర్‌లో ఉపసర్గలు. అన్, రీ, ఇన్, డిస్ అనే నాలుగూ ముందు. అమెరికా బడిపుస్తకాల మాటల మీద 1989లో వచ్చిన ఒక పరిశీలనలో, ఉపసర్గ ఉన్న మాటల్లో 58 శాతం ఈ నాలుగింటివే. ఇన్ అనేది ఇంపాసిబుల్‌లో ఇమ్, ఇల్లీగల్‌లో ఇల్, ఇర్రెగ్యులర్‌లో ఇర్ ఎందుకవుతుందో మనకు వివరించనక్కర్లేదు. సత్, జనుడు కలిసి సజ్జనుడైనట్టే. చైనా పిల్లలకూ దగ్గరి ఉదాహరణ ఉంది. ‘నీ హావ్’ అనేటప్పుడు మూడో స్వరాలు రెండు పక్కపక్కన పడి, మొదటిది రెండో స్వరంగా మారుతుంది. భాషాశాస్త్రవేత్తలు దాన్ని ‘టోన్ సంధి’ అనే పిలుస్తారు, మన సంధే.

ఇక ధాతువులు. ఇవి వద్దని నేననడం లేదు, రెండో ఏడు రావాలంటున్నాను. యూనివర్సిటీ చదువుకు అవి తప్పవు. 2000లో భాషాశాస్త్రవేత్త అవెరిల్ కాక్స్‌హెడ్ ప్రకటించిన అకడమిక్ మాటల జాబితాలోని 570 కుటుంబాల్లో 80 శాతానికి పైగా గ్రీకు, లాటిన్ మూలాలవే. అయితే వీటిని నేర్పే తీరు మారాలి. అక్షరాల సంగతికి వస్తానన్నది ఇక్కడే.

చైనా పిల్లవాడు చైనీస్ అక్షరాన్ని పన్నెండు గీతలుగా గుర్తుపెట్టుకోడు, రెండు మూడు ముక్కలుగా గుర్తుపెట్టుకుంటాడు. ‘ఛింగ్’ అనే ముక్క పక్కన నీరు చేరితే తేట, సూర్యుడు చేరితే తెరిపి, గుండె చేరితే మమత, మాట చేరితే ‘దయచేసి’. స్వరం మారినా నాలుగూ ఛింగే. అంతేకాదు, నాలుగు గీతల నీరు ఎడమ పక్కకు జరిగితే మూడు చుక్కలవుతుంది, గుండె కూడా రూపు మార్చుకుని సన్నబడుతుంది. ఇది పదేళ్ళ పిల్లవాడికి తెలిసిన విద్య. అలాంటివాడికి పర్మిట్‌లో మిట్, పర్మిషన్‌లో మిస్ ఒకటే అని చెప్పడం ఎంతసేపు? రిసీవ్‌లో సీవ్, రిసెప్షన్‌లో సెప్ట్ కూడా మూడు చుక్కల నీరే అని చెప్పండి చాలు. చెప్పరు. అందుకే మిట్ నేర్చుకున్న పిల్లవాడు పర్మిషన్ ఎదురైతే కొత్త మాట అనుకుని మళ్ళీ జాబితాలో ఎక్కిస్తాడు.

‘షి’ అనే అక్షరం తీసుకోండి. చూపు అని అర్థం. డియన్ షి, విద్యుత్తు చూపు, అంటే టెలివిజన్. షి ఛా అంటే తనిఖీ, ఇన్‌స్పెక్ట్. జోంగ్ షి, బరువుగా చూడటం, అంటే విలువివ్వడం. ఛింగ్ షి, తేలిగ్గా చూడటం, అంటే అలుసు. ఇప్పుడు ఇంగ్లిష్ వైపు రండి. రెస్పెక్ట్ అంటే వెనుదిరిగి చూడటం, సస్పెక్ట్ అంటే కింది నుంచి చూడటం, డిస్పైజ్ అంటే పై నుంచి కిందికి చూడటం. ఈ చివరిది కూడా స్పెక్ట్ కుటుంబమే, రూపు మారింది. మన తెలుగులో చిన్నచూపు. బరువును మన్నించే గౌరవం కూడా ‘గురు’ నుంచే పుట్టింది. చూపులోనే మన్ననా చులకనా రెండూ ఉన్నాయని ఇన్ని భాషలు విడివిడిగా కనిపెట్టాయి. స్పెక్ట్ పక్కన ‘షి’ రాసి, రెండు కుటుంబాలనూ ఎదురెదురుగా నిలబెట్టిన పాఠం ఒకసారి విన్న పిల్లవాడు డిస్పైజ్‌ను మరిచిపోవడం కష్టం. ఇలాంటి జంటలు ఇంకా ఉన్నాయి. ‘యెన్’ అంటే వాపు, మంట మీద మంట పెట్టినట్టుండే అక్షరం. గాన్ యెన్ హెపటైటిస్, వెయ్ యెన్ గ్యాస్ట్రైటిస్, గ్వాన్ జియే యెన్ ఆర్థ్రైటిస్. ఐటిస్ అంటే యెన్ అని ఒక్క గీతలో చెప్పెయ్యొచ్చు.

చెడేది ఎక్కడో కూడా చెప్పాలి. రెండు మాటలు కలిపి కొత్త మాట చేయడం మాండరిన్‌కు ప్రాణం కాబట్టి ఆ పిల్లలు లేని చోట కూడా ముక్కలు చూస్తారు. కార్నర్‌లో కార్న్, అంకుల్‌లో అన్ కనిపిస్తాయి. ఇన్వాల్యుబుల్ అంటే విలువ లేనిది అనుకుంటారు. ఆహారం, విహారం, సంహారం, పరిహారం అన్నిటిలోనూ ‘హార’ ఉంది, అంతమాత్రాన ఒకటి తెలిస్తే రెండోది తెలిసిపోదు. ధాతువు తగిలించుకునే కొక్కెం, అర్థాన్ని కూడి చెప్పే లెక్క కాదు. కనీసం నాలుగు మాటలు పిల్లల సిలబస్‌లోనే ఉండి, వాటిలో మూడింట్లో అర్థం తేటగా కనిపిస్తేనే ఆ ధాతువు నేర్పాలి. ఇంతకన్నా చేటు చేసేది ధ్వని పోలికతో అల్లే గుర్తులు. ఆంబులెన్స్‌కు ‘అన్ బు నెంగ్ సి’, నేను చావలేను అని. పెస్ట్‌కు ‘పై సి తా’, కొట్టి చంపు అని. గుర్తుంటాయి, నిజమే. కానీ మూడు పలుకుల ఆంబులెన్స్ నాలుగు పలుకులై నోట్లో స్థిరపడిపోతుంది. ఆ గుర్తు ఆ ఒక్క మాటకే పనికొస్తుంది, పక్క మాటకు ఒక్క అడుగు కూడా దారి చూపదు.

పై పద్ధతిలో ప్రతి మలుపులోనూ చైనీస్ ఉందన్నది గమనించారా? ఇంగ్లిష్ తరగతిలో సొంత భాష వినపడకూడదనే పట్టుదల చైనాలో ఉంది, మన దగ్గర ఇంకా ఎక్కువగా ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నాటి ఇంగ్లిష్ మాధ్యమం ఉత్తర్వు, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టేయడం, ఆ చుట్టూ నడిచిన రచ్చ అంతా మాధ్యమం ఏదన్న దగ్గరే ఆగిపోయింది. ఇంగ్లిష్ పాఠంలో తెలుగు ఏ పని చేయాలి అని అడిగినవాళ్ళు తక్కువ. ‘చదివించలేకపోయినవాళ్ళతో’ అని ఒక్క మాటలో ఇన్ని ప్రత్యయాలు పేర్చే భాష మనది. తోకల విషయంలో మన పిల్లలు చైనా పిల్లల కన్నా ఎన్నో అడుగులు ముందు నుంచి మొదలుపెడతారు. అయినా జీఆర్ఈ దగ్గరికొచ్చేసరికి వాళ్ళూ అకారాది జాబితా చేతపట్టి అబాండన్ దగ్గరే కూర్చుంటున్నారు. తెలుగు వ్యాకరణం గంటలో సంధి, సమాసం, ప్రత్యయం నేర్పే ఉపాధ్యాయుడూ పక్క గదిలో ఇంగ్లిష్ చెప్పే ఉపాధ్యాయుడూ నెలకొకసారి కూర్చుని ఏ వారం ఏది చెబుతున్నారో మాట్లాడుకోరు. బీజింగ్‌లోనైనా భీమవరంలోనైనా నష్టం ఇక్కడే మొదలవుతోంది.

చైనా పాఠ్యపుస్తకాల వెనక పేజీల్లో పాఠం వారీగా మాటల పట్టిక ఒకటి, అకారాది పట్టిక ఇంకొకటి ఉంటాయి. ఆ రెండోదాన్ని తీసేసి, అదే చోట కుటుంబాల పట్టిక వేయాలి. సక్సీడ్ దగ్గర సక్సెస్, సక్సెస్‌ఫుల్, సక్సెస్‌ఫుల్లీ ఒకే వరసలో, నొక్కు గుర్తులతో, లేని రూపం చోట గీతతో. పేజీలు పెరగవు. ఛెంగ్‌గోంగ్ అని ఆ వరస మొత్తానికి ఎదురుగా ఒక్కసారి అచ్చు వేస్తే చాలు.