చల్లదనంలో మా వాటా

ఏటా మార్చి రాగానే పత్రికలూ టీవీలూ మనల్ని బతికించే పని నెత్తికెత్తుకుంటాయి. కొబ్బరినీళ్లు తాగమంటాయి, పుచ్చకాయ తినమంటాయి, నిమ్మరసంలో చిటికెడు ఉప్పు వేసుకోమంటాయి, మధ్యాహ్నం గడప దాటొద్దంటాయి. అన్నీ మంచి మాటలే. కాకపోతే బొండం యాభై, అరవై పలికే హైదరాబాదులో నలుగురున్న ఇంటికి రోజూ తలా ఒకటి తాగిస్తే ఎండదెబ్బ తప్పుతుంది గానీ నెలాఖరుకు అద్దె దెబ్బ తగులుతుంది. 2022 ఏప్రిల్‌లో నిమ్మకాయ ఒక్కోటి పది రూపాయలు పలికినప్పుడు మా వీధిలో దిష్టి తీయడం కూడా ఆపేశారు. దిష్టి తగిలేంత సంపద ఎవరింట్లోనూ లేదని ఆ విధంగా తేలిపోయింది. ఇక గడప దాటకపోవడమంటారా, రేకుల కప్పు కింద కాపురం ఉండేవాడికి గడపకు అటైనా ఇటైనా ఒకటే.

అందుచేత పైసా ఖర్చు లేకుండా వేసవిని ఆనందించే మార్గాల మీద కొంత పరిశోధన చేశాను. ఫలితాలను ప్రజాహితం కోరి ఇక్కడ పొందుపరుస్తున్నాను.

ముందు ఇంటి సంగతి. తెల్ల రేషన్ కార్డున్న ఇంటికి 2024 మార్చి నుంచి తెలంగాణ ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద నెలకు 200 యూనిట్ల దాకా జీరో బిల్లు. 201 వచ్చిందో, ఆ ఒక్క యూనిట్టుకే డబ్బు కట్టి ఊరుకునేది కాదు, మొత్తం బిల్లు వెయ్యి దాటి మన నెత్తిన పడుతుంది. 200ను ముప్ఫై రోజులకు పంచితే రోజుకు ఆరున్నర యూనిట్లు. రెండు సీలింగ్ ఫ్యాన్లు రాత్రింబవళ్లు తిరిగితే అందులో మూడున్నర పోతాయి. ఫ్రిజ్జు ఒకటో ఒకటిన్నరో మింగుతుంది. మిగిలిన దాంట్లోనే కూలరు, మోటారు, మిక్సీ, టీవీ, నాలుగు ఫోన్లు. అందుకని మే నెలలో మా ఇంట్లో పంచాంగం చూడం, మీటరు చూస్తాం. ఇరవయ్యో తేదీకి నూట యాభై దాటిందంటే అత్యవసర పరిస్థితి విధించినట్టే. కూలరు ఆగిపోతుంది. ఫ్రిజ్జు తలుపు తెరిచి నిలబడిన పిల్లల మీద దేశద్రోహం కేసు పెట్టడమొక్కటే తక్కువ. చుట్టాలొస్తే ఫ్యాను లేని వరండాలో కుర్చీ వేసి, "ఇక్కడైతే సహజమైన గాలి వస్తుంది, కూర్చోండి" అంటాం. పాపం, వాళ్లూ మీటరున్న వాళ్లే కదా, కూర్చుంటారు.

కనుక పేదవాడి వేసవి విహారం ఇంటి బయటే జరగాలి. ఆ సౌకర్యాల్లో మొదటిది చలివేంద్రం. ప్రారంభం రోజున మజ్జిగ ఇస్తారు, కెమెరాలు ఉంటాయి గనక. రెండోరోజు నీళ్లుంటాయి. మూడోరోజు కుండ ఉంటుంది. ఆ తర్వాత వానలు పడేదాకా ఫ్లెక్సీ ఉంటుంది. దాన్ని మనం తేలిగ్గా తీసుకోకూడదు. నాయకుడు, ఆయన పైనాయకుడు, ఆ పైనాయకుడు, అడుగున తపాలా బిళ్లల సైజులో ముప్ఫై మంది అనుచరులు, ఇంతమంది పట్టాలంటే ఫ్లెక్సీ ఇరవై అడుగులకు తగ్గదు. దాని వెనక నలుగురు హమాలీలు హాయిగా కునుకు తీయొచ్చు. చెట్లు కొట్టేసిన రోడ్డు మీద ఈపాటి నీడ ఇస్తున్నది నాయకులే. పదవి పెరిగేకొద్దీ బొమ్మ పెరుగుతుంది, బొమ్మతో పాటు నీడా పెరుగుతుంది. అందుకే మా వార్డు నాయకుడు మంత్రి కావాలని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను.

ఇక ప్రయాణాలు. ఆడవాళ్లకు బస్సు ఉచితం. 2023 డిసెంబరు నుంచి మా ఆవిడ ఆధార్ కార్డు చూపించి జీరో టికెట్టు మీద తిరుగుతోంది, ఆ బస్సుకు ఏసీ లేదు. మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా 29 కిలోమీటర్లూ చల్లగా తీసుకెళ్లేది మెట్రో, దానికి టికెట్టుంది. ఉచితమూ చల్లదనమూ ఒకే బండెక్కకుండా ఎవరో బాగా ఆలోచించినట్టున్నారు. చిక్కడపల్లి గ్రంథాలయానికి పోదామంటే అక్కడ గ్రూప్స్ కుర్రాళ్లు తెల్లారకముందే కుర్చీలు పట్టేస్తారు. వాళ్లను లేపడం పాపం. నోటిఫికేషన్ వచ్చేదాకా వాళ్లకూ వేరే నీడ లేదు.

చివరికి మిగిలింది పట్టుచీరల దుకాణం. అమీర్‌పేటలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో కాస్త పెద్దది చూసుకోవాలి. మధ్యాహ్నం పన్నెండున్నరకు, ఎక్కడో పెళ్లుందన్న ముఖాలతో ప్రవేశించాలి. చెప్పులు విడిచి పరుపు మీద కూర్చోగానే మంచినీళ్లు వస్తాయి, అదృష్టం బాగుంటే కూల్‌డ్రింకు కూడా. మొదటి చీరను మెచ్చుకోకూడదు, మెచ్చుకుంటే బిల్లు దగ్గరికి తీసుకుపోతారు. "అంచు ఇంకాస్త పెద్దది" అంటే అరగంట గడుస్తుంది. "ఇదే డిజైన్, చిలకాకుపచ్చలో" అంటే పైఅంతస్తు నుంచి తెప్పిస్తారు, ముప్పావుగంట. ఎండ బాగా ముదిరిన రోజుల్లో వాడాల్సిన బ్రహ్మాస్త్రం ఒకటుంది: "మా ఆడపడుచుకు ఫొటో పంపాం, చూసి చెప్తానంది." ఆ ఆడపడుచు నాలుగున్నరకు గానీ ఫొటో చూడదు. అప్పటికి ఎండ తగ్గుతుంది, ఆవిడకు ఆ రంగూ నచ్చదు. మా ఇంట్లో ఆడపడుచుకు ఇంత విలువ పెళ్లిలో కూడా దక్కలేదు.

ఇది సిగ్గుమాలిన పని కాదా అని పెద్దలు అడగొచ్చు. వారికి నా సమాధానం శాస్త్రబద్ధంగా ఉంటుంది. ఏసీ చల్లదనాన్ని పుట్టించదు. గదిలో ఉన్న వేడిని లాగి బయట పారబోస్తుంది, తాను తాగిన కరెంటు వేడిని కొసరు వేసి మరీ. నమ్మకపోతే అదే చీరల దుకాణం వెనకసందులోకి వెళ్లి ఒక్క ఐదు నిమిషాలు నిలబడండి. అక్కడ ఇస్త్రీ బండి పెట్టుకున్నాయనకు బొగ్గుల ఖర్చు దండగనిపిస్తుంది. లోపలి వేడిని మనం వీధిలో మోస్తుంటేనే వాళ్లకు లోపల చల్లగా ఉంది. అంటే మనం దుకాణంలో కూర్చుంటున్నది బిచ్చానికి కాదు, బకాయి వసూలుకు.

ఈ సిద్ధాంతాన్ని ప్రయోగించి చూద్దామని పక్క బిల్డింగు రెండో అంతస్తు సార్ దగ్గరికి వెళ్లాను. వారి ఏసీ వెనకభాగం సరిగ్గా మా కిటికీలోకి ఊదుతుంది. రాత్రి పదకొండుకు ఆయన దుప్పటి కప్పుకుంటే మేం బనీన్లు విప్పుకుంటాం. "సార్, మీ వేడి మొత్తం మేమే తీసుకుంటున్నాం, చల్లదనంలో మా వాటా సంగతి కూడా కాస్త ఆలోచించండి" అని వివరంగా చెప్పాను. చదువుకున్న మనిషి, శ్రద్ధగా విన్నాడు. "అయ్యో, ముందే చెప్పొద్దా అండీ!" అని నొచ్చుకున్నాడు కూడా. మర్నాడే మెకానిక్‌ను పిలిపించి, ఆ డబ్బాను మా కిటికీ వైపు నుంచి తీయించి అటువైపు గోడకు బిగించాడు.

ఇప్పుడు అది కింద వాళ్ల వాచ్‌మన్ రేకుల గది మీదికి ఊదుతోంది. నిన్న గేటు దగ్గర ఆయన తుండుతో మెడ తుడుచుకుంటూ, "ఈసారి ఎండలు మస్తు కొడుతున్నయ్ సార్, రాత్రి కూడా తగ్గుతలేదు" అన్నాడు.

అంతా ఎల్ నినో అని చెప్పాను.