ఇంగ్లీషు దగ్గర కాదండీ, లాగ్‌బుక్ దగ్గర

నైపుణ్య శిక్షణ సర్టిఫికెట్లున్నా మన విశాఖ కుర్రాళ్లు ఇంగ్లీషు రాక, క్రమశిక్షణ లేక మొదటి ఉద్యోగంలో నెల కూడా నిలబడట్లేదని ఈమధ్య ఓ వ్యాసంలో రాశారు. నిజమే గానీ తప్పంతా వాళ్ల నెత్తినే వేసేశారు. నేను విశాఖ దగ్గర పరవాడలో ఓ మందుల కంపెనీ ప్యాకింగ్ సెక్షన్లో సూపర్‌వైజర్ని. కొత్తవాళ్లు తడబడేది లాగ్‌బుక్ దగ్గర, అంటే చేసిన పని ఎప్పటికప్పుడు రాసే పుస్తకం దగ్గర. అంకె తప్పు పడితే వైట్నర్ పూసేస్తారు, లేదా దానిమీదే దిద్దేస్తారు. మా దగ్గర అది పెద్ద నేరం. తప్పు మీద ఒకే గీత కొట్టాలి, పాత అంకె కనబడాలి, పక్కన సరైనది రాసి సంతకం, తేదీ వెయ్యాలి. చెప్పడానికి ఐదు నిమిషాలు. శిక్షణలో ఆ ఐదు నిమిషాలు దొరకవు, సెల్ఫ్ ఇంట్రడక్షన్ మాత్రం బట్టీ పట్టిస్తారు!

ఇక షిఫ్టు. పొద్దున్న ఆరింటికి మొదలంటే, నగరానికి అటు చివరున్న మధురవాడ పిల్ల నాలుగున్నరకే బస్సు కోసం నిలబడాలి. ఆ ముక్క ముందు చెప్పకుండా, మూడో రోజు మానేస్తే క్రమశిక్షణ లేదంటే ఎలాగండీ?

కంపెనీలోనే పనిచేస్తూ నేర్చుకునే అప్రెంటిస్‌షిప్ ఉంది కదా, 2016లో వచ్చిన దాని ప్రోత్సాహక పథకంలో స్టైపెండ్‌లో నాలుగో వంతు, నెలకు 1,500 రూపాయల దాకా, కేంద్రమే ఇస్తుంది. తరగతి గదిలో మూడు నెలలు కూర్చోబెట్టే బదులు ఆ దారిన పంపితే లాగ్‌బుక్ రాయడం వారంలో వచ్చేస్తుంది.