ప్రతివాది గారు ఊళ్ళో లేరు

బెంగళూరు తెలుగువాళ్ళ ఘనత చెప్పమంటే అందరూ సాఫ్ట్‌వేరు, అపార్ట్‌మెంట్లు, ఆంధ్రా మెస్సులు అని వరసపెడతారు. కోర్టుకు రమ్మని పిలిచే సమన్లు అందుకోకుండా తిరిగే విద్య ఊసే ఎత్తరు. ఇది చాలా అన్యాయం. కాలేజీ లేదు, కోచింగ్ లేదు. చేబదులు పుచ్చుకున్న పెద్దమనిషి ఎవరి సాయమూ లేకుండానే ఇందులో పండిపోతున్నాడు. ఉగాది పురస్కారాల్లో ఒకటైనా ఈ రంగానికి కేటాయించాలని సంఘాల పెద్దలకు మనవి.

మారతహళ్ళి అవతల ఒక గేటెడ్ కమ్యూనిటీ, పన్నెండో అంతస్తు. అర్ధరాత్రి బిర్యానీ అక్కడికి పొగలు కక్కుతూ చేరుతుంది. కరివేపాకు కట్ట చేరుతుంది. కోర్టు కాగితాలు అందించే అమీనా మాత్రం గేటు దగ్గరే ఆగిపోతాడు. వాచ్‌మన్ యాప్‌లో ‘కోర్టు నుంచి’ అని కొట్టగానే పైనుంచి ‘వద్దు’ అని వస్తుంది. అమీనా కన్నడంలో అడుగుతాడు, వాచ్‌మన్ హిందీలో లేడంటాడు, ఇంటర్‌కమ్‌లో ఇల్లాలు తెలుగులో ఊరెళ్ళారంటుంది. మూడు భాషలవాళ్ళు ఇంత సఖ్యంగా ఒక్క మాట మీద నిలబడటం ఈ ఊళ్ళో మరెక్కడా చూడం.

1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ రాసినవాళ్ళు అమాయకులేమీ కారు. మనిషి దొరక్కపోతే ఏం చేయాలో ఐదో ఆర్డరు అనే అధ్యాయంలో ఒక్కో రూలూ పేర్చి మరీ పెట్టారు. ఆయన లేకపోతే, ఆయనతో కలిసి ఉంటున్న కుటుంబంలోని పెద్దవాళ్ళెవరికైనా ఇవ్వొచ్చు. పనిమనిషికి ఇస్తే చెల్లదు. ఆ ఇంట్లో ఎవరు ఎప్పుడు ఏ గదిలో ఉంటారో నిజంగా తెలిసిన ఒకే ఒక్క వ్యక్తిని చట్టం ఇలా పక్కన పెట్టింది.

మొదట్లో ఈ ‘పెద్దవాళ్ళు’ అంటే మగవాళ్ళే. 1976 సవరణతో సివిల్ కేసుల్లో ఆడవాళ్ళనీ లెక్కలోకి తీసుకున్నారు. క్రిమినల్ సమన్లకైతే ఆ గౌరవం పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో కొత్త నాగరిక్ సురక్షా సంహిత అమల్లోకొచ్చిన 2024 జులై 1 దాకా దక్కలేదు. దక్కిన హోదాను మన ఇల్లాళ్ళు వృథా పోనివ్వలేదు.

“అయ్యగారున్నారామ్మా?”

“తిరుపతి వెళ్ళారండీ.”

“ఎప్పుడొస్తారు?”

“మొక్కు తీరాక.”

గుమ్మంలో ఆయన చెప్పులుంటాయి. కాలినడకన వెళ్ళారని సమాధానం.

ఇక పోస్టు. కొత్తగా ఈ రంగంలోకి దిగినవాడు కవరు చూసి ‘నాకొద్దు’ అంటాడు. పోస్ట్‌మన్ ‘రెఫ్యూజ్డ్’ అని రాస్తాడు, కోర్టు అందినట్టే లెక్క కడుతుంది, కథ ముగుస్తుంది. ఆరితేరినవాడు ఏదీ వద్దనడు. అతనికి ఎప్పుడూ ‘డోర్ లాక్డ్’. చెక్కు బౌన్సు నోటీసుల విషయంలో ఈ నాటకానికి సుప్రీంకోర్టు 2007లో ఒక మర్యాదైన జవాబు చెప్పింది: నోటీసు అందలేదంటావా, సరే, కోర్టు సమన్లు అందాక 15 రోజుల్లో ఆ డబ్బు కట్టేయి, కేసు కొట్టేయమని అడుగు. అలా కట్టేసిన మహానుభావుడి దర్శనం నాకింకా కాలేదు.

2018లో బొంబాయి హైకోర్టు, వాట్సాప్‌లో పంపిన నోటీసుకు నీలం టిక్కులు పడ్డాయి కాబట్టి అందినట్టేనంది. మనవాళ్ళు తీర్పు చదవలేదు గానీ నీలం టిక్కులు మాత్రం ఆపేశారు.

మనిషి ఎంతకీ చిక్కకపోతే ఇంటి బయటి తలుపుకు అంటించి రావాలి. ఇల్లు ఇదేనని చూపించినవాళ్ళ పేరూ చిరునామా కూడా రాసుకోవాలి. ఇక్కడ ఎదురింటాయన రంగప్రవేశం. నిన్న ఆ ఇంట్లో గుత్తివంకాయ కూరలో ఉప్పెక్కువైందని చెప్పగలిగిన ఆయనకు, అందులో ఎవరుంటారో ఉన్నట్టుండి గుర్తుండదు. తంటాలు పడి అంటించినా, గుమ్మం ముందు వేలాడే బూడిద గుమ్మడికాయ కింద ఆ కాగితం సాయంత్రం దాకా కూడా ఉండదు. గోడలకూ తలుపులకూ ఏదీ అంటించరాదని అసోసియేషన్ తీర్మానం మరి.

ఆఖరి అస్త్రం పేపరు ప్రకటన. ఆ ప్రాంతంలో చదివే దినపత్రికలో వేస్తే స్వయంగా చేతికిచ్చినంత చెల్లుబాటు. సహజంగా అది కన్నడ పత్రికే అవుతుంది. మన ప్రతివాది ఇరవయ్యేళ్ళుగా ఆటోవాళ్ళకి ‘కన్నడ గొత్తిల్ల’ తప్ప మరో ముక్క చెప్పి ఎరుగడు.

ఇంత శ్రమ ఎందుకంటారా? సమను చేతిలో పడిన రోజు నుంచే జవాబు దాఖలుకు 30 రోజుల గడియారం తిరుగుతుంది. కోర్టు దయతలిస్తే 90. పడనంత కాలం గడియారం లేదు, అప్పు లేదు, వాది మొహం చూడక్కర్లేదు.

చివరికి ఎక్స్‌పార్టీ డిక్రీ, అంటే ప్రతివాది రాకుండానే తీర్పు, అవుతుంది. కారు జప్తుకు వారంటు పట్టుకుని అదే అమీనా వస్తాడు. ఆ రోజు ఇంటర్‌కమ్ మోగకముందే ప్రతివాది గారు లిఫ్టులో దిగొస్తారు. మర్నాడే డిక్రీ రద్దు చేయమని తొమ్మిదో ఆర్డరు కింద పిటిషను పడుతుంది, నాకు సమన్లు అందనే లేదంటూ. ఆ అఫిడవిట్ మొదటి పేరా తప్పక చదవాలి. పై చిరునామాలో పదకొండేళ్ళుగా సకుటుంబంగా నివసిస్తున్నానని, ఎన్నడూ ఇల్లు విడిచి వెళ్ళలేదని, దైవసాక్షిగా.