నా నోరూ, వెర్లాండర్ నో-హిట్టరూ

2012 మే 18 శుక్రవారం రాత్రి డెట్రాయిట్‌లోని బేస్‌బాల్ గ్రౌండ్ కొమెరికా పార్క్‌లో మా డెట్రాయిట్ టైగర్స్ పిచ్చర్ (బంతి విసిరేవాడు) జస్టిన్ వెర్లాండర్ నో-హిట్టర్ చెడగొట్టింది పిట్స్‌బర్గ్ పైరేట్స్ బ్యాటర్ జాష్ హ్యారిసన్ అని రికార్డుల్లో రాసుకున్నారు గానీ, ఆ రోజు మా వరసలో కూర్చున్నవాళ్ళని ఎవర్నడిగినా వేలు నా వైపే చూపిస్తారు.

అసలు తప్పు మా బామ్మర్దిది. ఖమ్మం నుంచి దిగి మూడు వారాలైంది, వీకెండ్‌కి ఎక్కడికైనా తీసుకెళ్ళండి పాపం అని మా ఆవిడ అంటే, ఎక్కడికో ఎందుకు, వెర్లాండర్ బంతి వేసే రోజు చూసుకుని టికెట్లు తీశా. మనవాడికి ఆటలో నచ్చింది ఒక్కటే, పొట్టుతో సహా అమ్మే పల్లీలు, పొట్టు అక్కడే కాళ్ళ దగ్గర పడేయడం. "బావా, ఇది అచ్చం మన బస్టాండే" అని తెగ సంబరపడిపోయాడు. నాలుగో ఇన్నింగ్స్‌కి మా చెప్పులు కనపడట్లేదు.

తెలియనివాళ్ళకి ఒక ముక్క. నో-హిట్టర్ అంటే మొత్తం తొమ్మిది ఇన్నింగ్స్, 27 మంది అవుటయ్యేదాకా ఎదుటి టీమ్‌కి ఒక్క హిట్టు కూడా ఇవ్వకపోవడం. వాక్‌లు (బంతులు సరిగ్గా వేయనందుకు బ్యాటర్‌కి ఊరికే బేస్ దక్కడం) ఇవ్వొచ్చు, ఫీల్డర్ బంతి జారవిడవొచ్చు, అవన్నీ మాఫీ, కొట్టినవాడు మాత్రం కొట్టిన పుణ్యాన దర్జాగా ఫస్ట్ బేస్ (పరుగెత్తేవాడి మొదటి మజిలీ) మీద నిలబడకూడదు. ఇలాంటివి పాతకాలం పిచ్చర్లలో నోలన్ రయాన్ ఏడు వేశాడు, శాండీ కోఫాక్స్ నాలుగు. మా వెర్లాండర్‌కి అప్పటికి రెండు, 2007లో బ్రూవర్స్ టీమ్ మీద ఇదే గ్రౌండ్‌లో, 2011లో టొరాంటోలో.

ఆ రెండూ నేను చూళ్ళేదు. 2007 జూన్ 12 మంగళవారం, 12 మందిని స్ట్రైకౌట్ చేస్తుంటే (బంతి కొట్టనివ్వకుండానే అవుట్ చేస్తుంటే) నేను ఆఫీసులో ప్రొడక్షన్ సపోర్ట్ కాల్‌లో "కెన్ యూ హియర్ మీ" అని అరుస్తున్నా. 2011 మే 7న అయితే మా అత్తగారు మామగారు ఇండియా నుంచి వచ్చారు, వస్తే నయాగరా చూపించాల్సిందే కదా, అదేమన్నా మన చేతుల్లో ఉందా, నీలం ప్లాస్టిక్ కవరు తొడుక్కుని పడవలో తడుస్తూ మామగారికి ఫోటోలు తీస్తున్నా. అక్కడికి గంటన్నర దూరంలో మావాడు ఎనిమిదో ఇన్నింగ్స్‌లో ఒక్క వాక్ ఇచ్చాడు, ఆ వాక్ దక్కినవాడు కూడా డబుల్ ప్లేలో (ఒకే బంతికి ఇద్దరు అవుటవడం) పోయాడు, అంటే మొత్తం ఆటలో 27 మందే బ్యాటింగ్‌కొచ్చారు. గంటన్నర! పడవ దిగి ఫోన్ చూసుకుంటే మామగారు "ఏం అల్లుడూ, అలా అయిపోయావు, కళ్ళల్లో నీళ్ళు పడ్డాయా" అన్నారు. అవునండీ అన్నాను.

కాబట్టి ఆ శుక్రవారం ఆరో ఇన్నింగ్స్ దాటాక స్కోర్‌బోర్డులో పైరేట్స్ వరసలో హెచ్ కింద సున్నా చూడగానే నాకు ఒళ్ళంతా చెమటలు. ఇక్కడో నియమం ఉంది. ఆ మాట పైకి అనకూడదు. ఆటగాళ్ళు కూర్చునే డగౌట్‌లో పిచ్చర్ పక్కన ఎవడూ కూర్చోడు, మాట్లాడడు, అంటుముట్టు ఉన్నట్టు దూరంగా జరుగుతారు. మనకి ఇదేం వింత కాదులెండి, చంటిపిల్లాణ్ణి చూసి "భలే బొద్దుగా ఉన్నాడే" అని చూడండి, వాళ్ళ అమ్మమ్మ ఉప్పు కోసం వంటింట్లోకి ఎలా పరిగెడుతుందో.

ఏడో ఇన్నింగ్స్‌లో బామ్మర్ది మొదలెట్టాడు. "బావా, హెచ్ అంటే ఏంటి?"

"హిట్లు."

"సున్నా ఉందేంటి మరి?"

"పల్లీలు తిను."

ఎనిమిదిలో మళ్ళీ, "బావా, అందరూ ఎందుకిలా ఎమ్సెట్ రిజల్ట్స్‌కి కూర్చున్నట్టు కూర్చున్నారు? మనం గెలుస్తున్నాం కదా, ఆరు-సున్నా." ఇక లాభం లేదని క్రికెట్‌లోకి దించా. 1999లో ఢిల్లీలో కుంబ్లే పాకిస్తాన్ మీద పది వికెట్లు తీశాడు చూడు, తొమ్మిదయ్యాక శ్రీనాథ్ వికెట్ తనకి పడకూడదని కావాలని వైడ్లు వేశాడు చూడు, అలాంటి టైమ్ ఇది, అందరూ ఊపిరి బిగబట్టుకునే టైమ్ అన్నా. వాడికి వెలిగింది. వెలిగి ఊరుకున్నాడా, తొమ్మిదో ఇన్నింగ్స్ మొదలై ఒకడు అవుటయ్యి జనమంతా లేచి నిలబడ్డాక నా చొక్కా పట్టుకు లాగి, "అయితే దీనికి కూడా ఏదో పేరుండాలే, ఏమంటారు బావా?"

చూడండి, అప్పటిదాకా మాట్లాడిందంతా తెలుగే. ఎన్ని చెప్పినా చుట్టుపక్కల ఎవడికీ ఒక్క ముక్క అర్థం కాలేదు. "హిట్టు లేని ఆట" అన్నా సరిపోయేది, "సున్నాల పండగ" అన్నా దేవుడు కూడా కనిపెట్టేవాడు కాదు. కానీ నోరు కదా, దురద కదా, ఆ జనం గోలలో వినపడాలని చెవి దగ్గర గట్టిగానే అన్నా, "నో-హిట్టర్ రా!"

సరిగ్గా అదే సమయానికి గ్రౌండ్ అంతా ఒక్కసారి నిశ్శబ్దమైంది. పిచ్చర్ చెయ్యి ఎత్తినప్పుడు అలాగే అవుతుందట, నాకేం తెలుసు. ముందు వరసలో వెర్లాండర్ 35వ నంబర్ జెర్సీ వేసుకున్న పెద్దాయన మెల్లగా తల తిప్పి నన్ను చూశాడు. ఆయన మెడ ఇంకా పూర్తిగా తిరగనేలేదు, టక్ మని చప్పుడు, బంతి సెంటర్‌లోకి వెళ్ళి పడింది, హ్యారిసన్ ఫస్ట్ బేస్ మీద ఉన్నాడు.

ఆయన ఏమీ అనలేదు. తిట్టినా బాగుండు. తన పల్లీల ప్యాకెట్ తీసి, నాకు అందకుండా అటుపక్కన పెట్టుకున్నాడు. వెర్లాండర్ మిగతా ఇద్దర్నీ అవుట్ చేసి గెలిపించాడు, జనం చప్పట్లు కొట్టారు, మేమిద్దరం పొట్టు కరకరలాడిస్తూ తల దించుకుని బయటికొచ్చాం. కారులో బామ్మర్ది చాలాసేపు ఆలోచించి, "బావా, ఒక్క హిట్టే కదా, దానికో పేరు లేదా?" అన్నాడు. ఉంది, వన్-హిట్టర్. ఆ పేరు ఎంత గట్టిగా అరిచినా ఎవడూ ఏమీ అనడు.

2015 ఆగస్టులో ఏంజెల్స్ టీమ్ మీద వెర్లాండర్ మళ్ళీ ఒక్క హిట్టూ ఇవ్వకుండా తొమ్మిదో ఇన్నింగ్స్ దాకా వెళ్ళాడు. ఈసారి జాగ్రత్తపడి టీవీ కట్టేశా. రిమోట్ మా ఆవిడకిచ్చేశా. రెండు నిమిషాలు కూర్చున్నా, తర్వాత ఫోన్‌లో కొంచెం, అంటే స్కోర్ కూడా కాదు, ఇన్నింగ్స్ మొదలైందా లేదా అని మాత్రమే చూద్దామని తెరిచా. ఏంజెల్స్ బ్యాటర్ క్రిస్ ఐయనెట్టా కొట్టిన బంతి లెఫ్ట్ ఫీల్డ్ గీత మీద పడింది. గీత మీద! అంగుళం అటు పడుంటే ఫౌల్, హిట్టు కిందకి రాదు. "చూశారా?" అంది మా ఆవిడ. "చూశాను" అన్నా, తప్పు ఒప్పుకోక తప్పలేదు.

తర్వాత వెర్లాండర్ హ్యూస్టన్ ఆస్ట్రోస్ టీమ్‌కి వెళ్ళిపోయాడు, మా బామ్మర్దికి కూడా ఆ ఊళ్ళోనే ఉద్యోగమొచ్చింది. మా ఇంట్లోవాళ్ళకి అందులో కుట్రేదో కనపడుతుంది.

2019 సెప్టెంబర్ 1 ఆదివారం. మర్నాడు వినాయక చవితి. పత్రి కోసం పెరట్లో ఉన్నా, ఇరవై ఒక్క రకాలు ఎక్కడ దొరుకుతాయండీ మిషిగన్‌లో, ఆపిల్ ఆకు, మేపుల్ ఆకు, పక్కింటివాళ్ళ కంచె మీంచి వేలాడేదేదో అదీ, మనసు మంచిదైతే చాలని కోస్తున్నా. ఫోన్ మోగింది.

"బావా, ఎక్కడున్నావ్?"

"పెరట్లో. పత్రి."

"టీవీ పెట్టావా?"

"లేదురా, ఏమైంది?"

కాసేపు మాటలేదు. వెనకాల కామెంటరీ సన్నగా వినపడుతోంది, టొరాంటో అన్న మాట చెవిన పడింది. వాడి గొంతు ఎనిమిదేళ్ళ క్రితం నయాగరాలో ఉన్నంత దూరం నుంచి వచ్చినట్టుంది.

"ఏం కాలేదు బావా. ఏమీ కాలేదు. ఇంకో అరగంట లోపలికి మాత్రం రాకు. ఆకులు కోసుకో."

నేను అడగలేదు. వాడు చెప్పలేదు. ఏడేళ్ళలో కుర్రాడు ఎంత ఎదిగాడో అనుకుని ఫోన్ గడ్డిలో బోర్లా పెట్టి, కోయడం మొదలెట్టా. సున్నా-సున్నాగా ఉన్న ఆట తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఆస్ట్రోస్ ఆటగాడు టోరో హోమ్ రన్‌తో (మన సిక్సర్ లాంటిది) తిరగడం, 14 స్ట్రైకౌట్లు, ఆఖరి బంతిని మళ్ళీ ఆ టోరోనే పట్టి ఫస్ట్ బేస్‌కి విసరడం, అదే గ్రౌండ్‌లో రెండోది, మొత్తం మీద మూడోది, ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. లోపలికొచ్చేసరికి రెండు పెద్ద చెత్త సంచుల నిండా ఆకులు.

మా ఆవిడ సంచులు చూసింది, కిటికీలోంచి బోసిపోయిన పక్కింటి కంచె చూసింది. "ఏమండీ, మనింట్లో వినాయకుడు ఒక్కడే" అంది.