రీసెట్‌కు ముందే ఖాతా తొలగించాలి

పాత స్మార్ట్‌ఫోన్‌ను చెత్తబుట్టలో వేయకుండా రీసైక్లింగ్‌కు ఇవ్వాలని, ఇచ్చేముందు ఫ్యాక్టరీ రీసెట్ (ఫోన్‌లోని సమాచారమంతా చెరిపేయడం) చేయాలని మీ పత్రికలో వచ్చిన వ్యాసం సూచించింది. రీసైక్లింగ్ సూచనతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. 2022లో ప్రపంచవ్యాప్తంగా పోగైన 6.2 కోట్ల టన్నుల ఈ-వ్యర్థాల్లో 22.3 శాతమే సక్రమంగా సేకరణకు, రీసైక్లింగ్‌కు నోచుకున్నట్లు ఐక్యరాజ్యసమితి నివేదిక తేల్చింది. అయితే ఆ వ్యాసంలోని ‘ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే చాలు’ అన్న వాక్యానికి కొంత చేర్పు అవసరం. సెట్టింగ్స్‌లో గూగుల్ లేదా యాపిల్ ఖాతాను ముందుగా తొలగించకుండా, ముఖ్యంగా పక్క బటన్లు నొక్కి రికవరీ పద్ధతిలో రీసెట్ చేస్తే, ఫోన్‌ను మళ్లీ ఆన్ చేసినవారిని అది పాత యజమాని పాస్‌వర్డ్ అడుగుతుంది. దొంగతనాన్ని అరికట్టడానికి పెట్టిన ఈ తాళం వల్ల, ఇంకా చక్కగా పనిచేసే ఫోన్ కూడా విడిభాగాల కింద పోతుంది. ఒక స్మార్ట్‌ఫోన్ వల్ల వాతావరణంలో చేరే కర్బన ఉద్గారాల్లో అధిక భాగం తయారీ దశలోనే వెలువడుతుంది కనుక, దాన్ని కరిగించి బంగారం, రాగి తీయడం కంటే మరొకరి చేతిలో వాడుకలో ఉండనివ్వడమే ఎంతో మేలని నా అభిప్రాయం. సిమ్, మెమరీ కార్డు తీసేయాలన్నది చాలామందికి తెలిసిందే. బ్యాటరీ ఉబ్బి వెనుక మూత పైకి లేచి ఉంటే మాత్రం ఛార్జింగ్ పెట్టకుండా, నొక్కకుండా, ఆ సంగతి తీసుకునేవారికి ముందే చెప్పడం తప్పనిసరి. నలిగిన లిథియం అయాన్ బ్యాటరీ నుంచి క్షణాల్లో మంటలు లేవవచ్చు.