థంబ్సప్ కొట్టి మాయమయ్యే మిత్రులారా, వాలై చేప మీకోసం ఆగదు

"సారీ రా మామా, ఈ వీకెండ్ కుదరట్లా. మీరు కానివ్వండి."

లేక్ ఈరీలో బోటెక్కి వాలై అనే మంచినీటి చేపలు పడదామనుకున్న ట్రిప్పు గురించి, రాత్రి 11:40కి మా గ్రూపులో పడింది ఈ ముత్యం. మూడు వారాల కిందట అందరికన్నా ముందు "నేనున్నా" అని మూడు చేప బొమ్మలు పెట్టింది కూడా ఈ మహానుభావుడే. మీరు కానివ్వండట! ఏం కానివ్వమంటావు నాయనా, నీ వాటా కూడా మేమే కట్టుకోమనా?

అమెరికాలో మా ఒహాయో రాష్ట్రానికి ఉత్తరాన ఉన్న పెద్ద సరస్సు లేక్ ఈరీ. దాని లెక్క తెలియక అడుగుతారు జనం, ఒక్కడు రాకపోతే ఏమవుతుంది అని. ఆ సరస్సు ఒడ్డున పోర్ట్ క్లింటన్‌లో మామూలు చార్టర్ బోటు, అంటే కెప్టెన్‌తో సహా అద్దెకిచ్చేది, ఆరుగురికి మించి ఎక్కించుకోదు, కెప్టెన్ లైసెన్సే అంతవరకు. రేటు తలకి కాదు, బోటుకి. 840 డాలర్లనుకోండి, ఆరుగురైతే తలా 140. ఒకడు జారుకుంటే 168. వాణ్ణి చూసి ఇంకొకడికి ధైర్యం వస్తే 210. టిప్పు 15, 20 శాతం దీనిపైన, ఒడ్డున చేపలు కోసిచ్చేవాళ్లకి ఇంకా పైన. ఈరీ పడమటి భాగం సగటు లోతు 24 అడుగులే కాబట్టి, గాలి గట్టిగా కొడితే అలలు పొట్టిగా, నిటారుగా, ఒకదాని వెంట ఒకటి లేస్తాయి. అలాంటి రోజు కెప్టెనే వద్దంటాడు, అప్పుడు చాలామంది అడ్వాన్సు తిరిగిస్తారు లేదా వేరే తేదీ ఇస్తారు. వాళ్లావిడ చిన్నాన్నగారి అమ్మాయి సీమంతం సంగతి మనవాడికి శుక్రవారం రాత్రి గుర్తొచ్చిందంటే ఏ కెప్టెనూ ఇవ్వడు.

అసలు ఈ చార్టర్ పిచ్చేమిటో నాకర్థం కాదు. మార్చి, ఏప్రిల్ నెలల్లో వాలై తనంతట తానే ఈరీ వదిలి గుడ్లు పెట్టడానికి, ఆ సరస్సులో కలిసే మౌమీ నదిలోకి ఎదురెక్కి వస్తుంది. మన పులస సముద్రం నుంచి గోదావరికి ఎదురీదినట్టే. పులస కోసం పుస్తెలమ్మాలి. ఇక్కడ ఒహాయోలో ఉండేవాడికి చేపలు పట్టే ఏడాది లైసెన్సు పాతిక డాలర్ల చిల్లర, రోజుకి ఆరు చేపలు, కనీసం 15 అంగుళాలు. ఒహాయోవాడు అనిపించుకోవాలంటే ఆరు నెలలు ఇక్కడ ఉండి ఉండాలి, మొన్న న్యూజెర్సీ నుంచి ప్రాజెక్టు మారి వచ్చినవాడు బయటివాడే. బయటివాళ్లకి లైసెన్సు రెట్టింపు పైనే, జనవరి 1 నుంచి ఏప్రిల్ 30 దాకా లేక్ ఈరీ పర్మిట్ అదనం. ఇది ముందే చూసుకోండ్రా అంటే "అక్కడికెళ్లాక చూద్దాం లే మామా" అంటారు. వీళ్లే ఇండియన్ స్టోర్లో కందిపప్పు ఆఫర్ తారీఖులు నోటికి చెప్తారు.

మేముండే కొలంబస్ నుంచి మౌమీకి రానూపోనూ 280 మైళ్లు. ఒక మినీవ్యాన్‌లో ఐదుగురు సర్దుకుంటే పెట్రోలు తలా ఏడెనిమిది డాలర్లు. బోటు అక్కర్లేదు. సైడ్ కట్ పార్కు దగ్గరో, ఎదుటి ఒడ్డున ఫోర్ట్ మెగ్స్ కిందో నేరుగా నీళ్లలోకి దిగడమే. వేడర్లు, అంటే నీళ్లు లోపలికి రాని పొడవాటి బూటు ప్యాంట్లు, కొనక్కర్లేదు, అద్దెకి దొరుకుతాయి. కానీ బెల్టు బిగించుకోవాలి. బెల్టు లేకుండా జారితే వేడర్ కాళ్లలోకి నీళ్లు నిండి లేవడం నీవల్ల కాదు. నడుము దాటొద్దు. చేతికో కర్ర ఉండాలి, కింద సున్నపురాయి పలకలు సబ్బులా జారతాయి. బయల్దేరే ముందు వాటర్‌విల్ దగ్గర నదిమట్టం చూపే గేజ్ చూసుకోవాలి. పైన వాన పడి నది పొంగి కాఫీ రంగుకి తిరిగిందంటే ఇంట్లో పడుకోవడం మేలు.

సరంజామా అంతా కలిపి పిజ్జా ఖర్చు. అర ఔన్సు సీసం గుండు మెయిన్ లైన్‌కి ఎక్కించి, ఓ పూస, ఓ స్వివెల్ (లైన్ మెలిపడకుండా తిరిగే చిన్న లోహపు ముడి), దానికి 18 నుంచి 24 అంగుళాల లీడరు (విడిగా కట్టే చివరి దారం), చివర తేలే జిగ్ హెడ్‌కి (తలకట్టున్న కొక్కెం) ట్విస్టర్ టెయిల్ (తోక ఆడే రబ్బరు ఎర). తేలే హెడ్డే ఎందుకంటే గాలం రాళ్లకి రెండంగుళాలు పైన నిలబడాలి. అడ్డంగా విసిరి వదిలేస్తే సీసం అడుగున రాళ్లని టిక్కు టిక్కుమని తడుతూ వంపు తిరగాలి. ఆగిపోతే బరువెక్కువ, అసలు తట్టకుండా కొట్టుకుపోతే తక్కువ. 3/8 నుంచి 5/8 ఔన్సు దాకా గుళ్లు జేబులో ఉంచుకుంటే ప్రవాహాన్ని బట్టి మార్చుకోవచ్చు. లీడరు ఎప్పుడూ మెయిన్ లైన్‌ కన్నా బలహీనంగా ఉండాలి, 10 పౌండ్ల లైన్‌కి 8 పౌండ్ల లీడరు. అప్పుడు రాయికి పట్టుకున్నా జిగ్గొకటే పోతుంది, సీసం మిగుల్తుంది. రోజుకి పాతిక పోతాయి కాబట్టి ముందురోజు రాత్రి టీవీ ముందు కూర్చుని కట్టుకోవాలి. మనవాళ్లు కట్టరు. నది మధ్యలో నిలబడి "మామా ఒకటియ్యవా" అంటారు. పదమూడోసారి కూడా అదే గొంతు, అదే అమాయకత్వం.

లీడరు బారెడు పెడితే ఎక్కువ చేపలు తగుల్తాయని ఎవడో చెప్పుంటాడు. తగుల్తాయి, పొట్టకీ రెక్కకీ. నోటి లోపల కొక్కెం పడని చేపని వదిలేయాల్సిందే, అది చట్టం. మార్చి 1 నుంచి మే 1 దాకా అక్కడ ఒక్క కొక్కెమే వాడాలి, కాడకీ మొనకీ మధ్య అర అంగుళం మించకూడదు, పొద్దు పొడిచాక మొదలు, కుంగేసరికి బంద్. "వాలై రాత్రిపూటే కదా మేస్తుంది" అని లాజిక్ తీశాడొకడు. నిజమే రా, పిల్లి కళ్లలా దాని కళ్లు మసక వెలుతురు కోసమే పుట్టాయి. ఆ సంగతి వార్డెన్‌కి చెప్పు, మెచ్చి ఫైన్ రాస్తాడు.

నదిలో పడేవి ఎక్కువగా 16 నుంచి 20 అంగుళాల మగవే. పెద్ద ఆడచేప పడితే వదిలెయ్యమంటే గుడ్ల వేపుడు గుర్తొచ్చి ఏడుస్తారు. పరిమితిలోపు ఉంచుకోవడం తప్పేం కాదు, కానీ వచ్చే ఏళ్ల చేప ఆ పొట్టలోనే ఉంది.

ఇదంతా ఒక ఎత్తు, ఇంటికొచ్చాక జరిగేది ఒక ఎత్తు. నదికి రానివాడికి, జిగ్గు కట్టనివాడికి, కత్తి పట్టనివాడికి ఫిలేలు (ముల్లు తీసిన చేప ముక్కలు) పంచితే తిని ఏమంటాడో తెలుసా? "ఇక్కడి చేపలకి రుచి లేదు మామా." అదీ ఎవడు? బర్మా నుంచి ఐసుగడ్డలో ఓడెక్కి వచ్చిన బొచ్చె ముక్కలు ఇండియన్ స్టోర్లో కొని, నాలుగు రోజులు అదే పులుసు లొట్టలేసుకుంటూ తినేవాడు! చర్మం తీసిన వాలై ఫిలేని చింతపండు పులుసులో వేసి గరిటెతో కలిపితే ఏమవుతుంది, గుజ్జవుతుంది. అది మా చేప తప్పా? పులుసుకైతే పొలుసు గీకి, చర్మంతో ముల్లుతో అడ్డంగా రెండంగుళాల ముక్కలు కొయ్యాలి, పులుసు మరిగాక చివర్లో వేసి గిన్నె పట్టుకుని తిప్పాలి, గరిటె పెట్టకూడదు. ఫిలే అయితే ఉప్పు, కారం, అల్లంవెల్లుల్లి, కాస్త బియ్యప్పిండి పట్టించి పెనం మీద పక్కకి మూడు నిమిషాలు. పదేళ్లుగా చెప్తున్నా.

శనివారం తెల్లారుజామున 4కి వ్యాన్ కదుల్తుంది. ఐదు సీట్లు. రేపు సాయంత్రం లోపు 20 డాలర్లూ, లైసెన్సు ఫొటో పంపినవాళ్ల పేర్లే రాస్తా. చేప బొమ్మలు చెల్లవు.