తాయెత్తు కట్టిన ల్యాప్‌టాప్

కంప్యూటర్‌కి యాంటీవైరస్ ఎలా ఎంచుకోవాలన్న విషయం మీద తెలుగులో ఇంతవరకు ఒక శాస్త్రం లేకపోవడం చాలా బాధాకరం. గృహప్రవేశానికి ముహూర్తం ఉంది, బీరువా ఏ మూల పెట్టాలో వాస్తు ఉంది, బల్లి ఒంటి మీద ఎక్కడ పడితే ఏం ఫలితమో పంచాంగంలో పట్టిక వేసి మరీ ఇస్తారు, కానీ యాభై వేలు పోసి కొన్న ల్యాప్‌టాప్‌లోకి ఏ దిక్కు నుంచి ఏం దూరుతుందో చెప్పే నాథుడు లేడు. పదిహేనేళ్ళుగా చుట్టాలందరి కంప్యూటర్లూ ఒక్క రూపాయి తీసుకోకుండా బాగుచేస్తున్న అనుభవంతో, అంటే "నువ్వు సాఫ్ట్‌వేర్ కదరా" అన్న ఏకైక అర్హతతో, ఆ లోటు తీర్చే బాధ్యత నా నెత్తినేసుకున్నా.

ఈ శాస్త్రంలో మొదటి సూత్రం మనకి ఎప్పటినుంచో ఉన్నదే, పెరటి చెట్టు మందుకు పనికిరాదు. 2012లో విండోస్ 8 వచ్చిన దగ్గర్నుంచి డిఫెండర్ అనే యాంటీవైరస్ విండోస్‌తోనే వస్తోంది, కొనక్కర్లేదు, కీ అక్కర్లేదు, పుట్టింటి నుంచి తెచ్చుకున్న బిందెలా కంప్యూటర్‌తో పాటే ఇంట్లోకి అడుగుపెడుతుంది. సరిగ్గా అందుకే దానికి విలువ లేదు. విజయవాడలో ఉండే మా బాబాయ్, రిటైరైన లెక్కల మాస్టారు, కొత్త ల్యాప్‌టాప్ కొన్న రోజే ఫోన్ చేసి ఏ యాంటీవైరస్ మంచిదిరా అని అడిగితే, డిఫెండర్ ఉంది కదా బాబాయ్ చాలు అన్నా.

"అది ఫ్రీగా వచ్చిందిరా."

"ఫ్రీ అయితే ఏం, జర్మనీలో ఏవీ-టెస్ట్ అని ఒక ల్యాబ్ ఉంది, వాళ్ళు అన్ని యాంటీవైరస్‌లకీ పరీక్ష పెట్టి మార్కులేస్తారు, దీనికి చాలాసార్లు 18కి 18 వేశారు."

"18కి 18 వేశారంటే పేపర్ ఈజీగా ఇచ్చారన్నమాట."

ముప్ఫై ఆరేళ్ళు పేపర్లు దిద్దిన మనిషితో మార్కుల గురించి వాదించకూడదని నాకు అప్పుడు అర్థమైంది. అయినా ఊరుకోకుండా సంక్రాంతికి వెళ్ళినప్పుడు కళ్ళ ముందు చూపిద్దామనుకున్నా. యాంటీవైరస్ పని చేస్తుందో లేదో చూసుకోడానికి కంపెనీలన్నీ ఒప్పుకున్న ఒక ఉత్తుత్తి ఫైల్ ఉంది, ఐకార్ టెస్ట్ ఫైల్ అంటారు, మొత్తం 68 అక్షరాలు, నోట్‌ప్యాడ్‌లో పెట్టి సేవ్ చేస్తే చాలు, ఏ హానీ చెయ్యదు గానీ యాంటీవైరస్ అనేది బతికుంటే దాన్ని చూసి గోల పెట్టాలి. సేవ్ కొట్టానో లేదో డిఫెండర్ పట్టేసుకుంది. నేను గర్వంగా బాబాయ్ వైపు తిరిగితే ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని, "అంటే నువ్వే పెట్టి నువ్వే పట్టించావా? నోట్లకి పౌడర్ రాసి ఏసీబీ వాళ్ళు పట్టుకున్నట్టు?" అన్నాడు. ఆ సాయంత్రమే డబ్బులు కట్టి ఒక యాంటీవైరస్ కొన్నాడు. పేరు చెప్పను, చెప్తే దాని పాపప్ నా కలలోకి కూడా వస్తుంది.

రెండో సూత్రం, ఒకటి చాలదు. మెళ్ళో ఆంజనేయస్వామి బిళ్ళ ఉన్నా మొలకి తాయెత్తు కడతాం, కట్టాక గుమ్మానికి గుమ్మడికాయ కూడా వేలాడదీస్తాం, మరి కంప్యూటర్‌కి మాత్రం ఒక్కటేంటి అన్యాయంగా? సమస్య ఏంటంటే ఏ ఫైల్ తెరిచినా ముందు నేనే చూడాలి అని ప్రతి యాంటీవైరస్సూ పట్టుబడుతుంది, అదే దాని ఉద్యోగం, రెండు పెడితే రెండూ ఒకే ఫైల్‌ని చెరో పక్క పట్టుకు లాగుతాయి, ఒకదానికి ఇంకోటి దొంగలా కనపడ్డ సందర్భాలు కూడా ఉన్నాయి. డిఫెండర్ మాత్రం కొంచెం మర్యాదస్తురాలు, వేరే యాంటీవైరస్ గడప తొక్కగానే తనంతట తను పక్కకి తప్పుకుంటుంది. బాబాయ్ దీన్ని కూడా, "చూశావా, పారిపోయింది" అనే అన్నాడు.

మూడో సూత్రం కోసం నేను సికింద్రాబాద్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ దాకా వెళ్ళాల్సొచ్చింది, 2008లో. సీటీసీ అంటే తెలిసినవాళ్ళకి తెలుసు, మనిషి అడ్డంగా తిరగడానికి చోటు లేని షాపులో గోడ నిండా క్యాబినెట్లు, కౌంటర్ మీద మరమరాల్లా పోసిన స్క్రూలు, వెనకాల ఎవడిదో కంప్యూటర్ కడుపు తెరిచి పడుకోబెట్టి ఉంటుంది. అప్పట్లో యాంటీవైరస్ సీడీ డబ్బాలో వచ్చేది, లోపల రీఛార్జ్ కార్డులా గీకితే కీ. రెండు డబ్బాలు ముందు పెట్టి ఆ షాపతను ఇచ్చిన సలహా కంటే నిజాయితీగా ఈ రంగంలో ఇప్పటిదాకా ఎవరూ మాట్లాడగా నేను వినలేదు.

"ఇది పెడితే సేఫ్ సార్, కానీ సిస్టమ్ కదల్దు. అది పెడితే సిస్టమ్ గుర్రంలెక్క ఉరుకుతది, కానీ అది ఏం పట్టదు."

"మరి నువ్వేం వాడతావ్?"

"నేనా సార్? నేనేం పెట్ట. నెలకోసారి ఫార్మాట్ కొడ్త."

నేను రెండూ కొనలేదు. మూడో సూత్రం అదే, యాంటీవైరస్ క్రాక్ చేసుకోవాలి. నెట్‌లో కీ తయారుచేసే బుల్లి ప్రోగ్రాం ఒకటి దొరికింది, దాంతో పాటు వచ్చిన టెక్స్ట్ ఫైల్‌లో మొదటి లైన్, ముందు మీ యాంటీవైరస్ ఆపెయ్యండి అని. ఆపేశా. అంటే దొంగల నుంచి కాపాడే వాచ్‌మన్‌ని దొంగసొత్తు కింద తెచ్చుకుంటూ, దారిలో ఉన్న పాత వాచ్‌మన్‌ని కాసేపు టీ తాగిరా అని పంపించా. తర్వాత వారం రోజులు నా పెన్‌డ్రైవ్‌లో ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా మారిపోయి, రెజ్యూమే ప్రింట్ తీయించుకున్న ప్రతి జిరాక్స్ షాపుకీ నా వంతు ప్రసాదం పంచిపెట్టా.

అసలు ఈ వ్యాపారం పుట్టుకలోనే ఒక అందం ఉంది. 1986లో లాహోర్‌లో ఇద్దరు అన్నదమ్ములు తమ సాఫ్ట్‌వేర్‌ని కాపీ కొట్టేవాళ్ళకి బుద్ధి చెప్పడానికని బ్రెయిన్ అనే వైరస్ రాసి ఫ్లాపీల్లోకి వదిలారు, ఐబీఎం పీసీలకి పట్టిన మొట్టమొదటి వైరస్ అదే. దాంట్లో వాళ్ళ పేర్లు, షాపు అడ్రసు, ఫోన్ నంబర్లు అన్నీ రాశారు, పైగా టీకా కావాలంటే మమ్మల్ని సంప్రదించండి అని కూడా పెట్టారు. రోగం, మందు, క్లినిక్ అడ్రసు మూడూ ఒకే ఫ్లాపీలో. ఇంత మర్యాద ఇప్పటి వైరస్‌లకి ఎక్కడిది? 2000 మే నెలలో ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన ఐ లవ్ యూ వైరస్ కూడా ఫర్వాలేదు, కనీసం మెయిల్‌లో ప్రేమలేఖ అని చెప్పి వచ్చింది, ప్రపంచం మొత్తం ఎవరో నన్ను ప్రేమించారని మురిసిపోయి తెరిచి చూసింది. ఇప్పుడు వాట్సాప్‌లో పెళ్లి శుభలేఖ అని, నొక్కితే ఫోన్‌లో యాప్ ఎక్కించే ఏపీకే ఫైల్ పంపిస్తున్నారు. ప్రేమ నుంచి పెళ్లి దాకా రావడానికి దొంగలకి కూడా పాతికేళ్ళు పట్టింది.

ఇక ఫైర్‌వాల్. ఆ పేరు వినగానే బాబాయ్ అడిగిన మొదటి ప్రశ్న, పెడితే ల్యాప్‌టాప్ వేడెక్కదా అని. కాదు బాబాయ్, అది గేటు దగ్గర మనిషి లాంటిది, లోపలివాళ్ళు బయటికి వెళ్తామంటే మామూలుగా అడ్డుచెప్పదు, మనం పిలవకుండా బయట నుంచి వచ్చేవాళ్ళని మాత్రం ఆపుతుంది అని చెప్పా. దీని చరిత్ర కూడా మన ఇళ్ళ చరిత్రలాంటిదే. 2001లో విండోస్ ఎక్స్‌పీతో పాటు ఫైర్‌వాల్ ఇచ్చారు, కానీ మామూలుగా ఆఫ్‌లోనే ఉండేది, తాళం కొనిచ్చి తలుపుకి వెయ్యకుండా బల్ల మీద పెట్టి వెళ్ళినట్టు. 2003 ఆగస్టులో బ్లాస్టర్ అనే వార్మ్ వచ్చింది, మెయిల్ తెరవక్కర్లేదు, ఏదీ నొక్కక్కర్లేదు, ఊరికే నెట్ పెడితే చాలు, అరవై సెకన్లలో షట్‌డౌన్ అని తెర మీద కౌంట్‌డౌన్ మొదలయ్యేది. ఆ తర్వాతి ఏడాది ఎక్స్‌పీకి సర్వీస్ ప్యాక్ 2 అని ఇచ్చిన పెద్ద అప్‌డేట్‌లో తాళం వేసి ఇవ్వడం మొదలుపెట్టారు.

అది చాలదని విడిగా ఫైర్‌వాల్ వేసుకున్న వీరుల్లో నేనూ ఒకణ్ణి. ఎస్‌వీసీహోస్ట్ బయటికి వెళ్తానంటోంది, పంపాలా వద్దా అని అడిగేది. ఎస్‌వీసీహోస్ట్ ఎవరు, వాళ్ళది ఏ ఊరు, ఏ పని మీద వెళ్తున్నాడు, నాకేం తెలుసు? పెళ్లిలో గేటు దగ్గర పన్నీరు చల్లడానికి నిలబెట్టిన మేనమామ చూడండి, వచ్చేవాళ్ళలో సగం మంది ఎవరో ఆయనకి తెలీదు, మగపెళ్లివాళ్ళేమో ఆపితే మాటొస్తుందని అందరికీ దండం పెట్టి "రండి రండి, భోజనాలు పైన" అంటాడు. నేనూ అంతే, రోజుకి నలభైసార్లు అలౌ అలౌ అలౌ. ఒక్కసారి ధైర్యం చేసి వద్దు అని నొక్కా, ఆ రోజంతా నెట్ రాలేదు.

డబ్బు తీసుకుని కాపలా కాసేవాళ్ళ ఘనత కూడా చెప్పకపోతే పాపం తగులుతుంది. 2010 ఏప్రిల్‌లో మెకాఫీ వాళ్ళు ఒక అప్‌డేట్ పంపితే అది ఎక్స్‌పీలో ఇందాక చెప్పిన ఆ ఎస్‌వీసీహోస్ట్‌నే వైరస్ అనుకుని పక్కన పడేసింది, అది లేకపోతే విండోస్‌కి ఊపిరి ఆడదు, కంప్యూటర్లు లేస్తూ పడుతూ లేస్తూ పడుతూ. (నేను వద్దు అని నొక్కింది సరైన నిర్ణయమేనని ఆ రోజు కొంచెం సంతోషపడ్డా.) 2021లో నార్టన్ వాళ్ళు, మీకిష్టమైతే మీ కంప్యూటర్ ఖాళీగా ఉన్నప్పుడు క్రిప్టో నాణేలు తవ్వుకోండి, మాకు 15 శాతం ఇవ్వండి అన్నారు, కాపలాకి పెట్టుకున్నవాడు పెరట్లో బావి తవ్వి వాటా అడిగినట్టు. అవాస్ట్ అయితే ఇంకా ముందుకెళ్ళి, మిమ్మల్ని ఎవరూ వెంబడించకుండా చూస్తామని చెప్పి, జనం ఏ సైట్లు చూస్తున్నారో ఆ వివరాలు జంప్‌షాట్ అనే సొంత కంపెనీ ద్వారా అమ్ముకుంది, 2024లో అమెరికాలో వినియోగదారుల తరఫున చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ 1 కోటి 65 లక్షల డాలర్లు కట్టమంది. కంచే చేను మేయడం అన్నమాట, మేసి పేడ కూడా అమ్ముకోవడం.

2024 జులై 19 సంగతి ఎవరూ మర్చిపోయి ఉండరు, క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ వాళ్ళ ఒక్క తప్పుడు అప్‌డేట్‌కి మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారమే 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలం తెర ఎత్తేశాయి. అది ఇళ్ళల్లో వాడేది కాదు, పెద్ద పెద్ద సంస్థలు వాడేది, అందుకే విమానాలు ఆగాయి. హైదరాబాద్ నుంచి కోల్‌కతాకి వెళ్తున్న ఒక ప్రయాణికుడికి బోర్డింగ్ పాస్ చేత్తో రాసిచ్చారు, ఆ ఫొటో దేశమంతా తిరిగింది. మా పిన్నికి ఆ రోజు మొదటిసారి టెక్నాలజీ మీద గౌరవం కలిగింది, దస్తూరి బాగుంది అంది.

మరి నిజంగా కాపాడేదేంటి అంటారా, అది చెప్తే ఎవరికీ నచ్చదు, ఎందుకంటే దానికి డబ్బులక్కర్లేదు. 2017 మే 12న వన్నాక్రై అనే వైరస్ ప్రపంచం మీద పడింది, ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లకి కూడా తాళాలేసి బిట్‌కాయిన్లు అడిగింది, పోలీసులనే బెదిరించి మామూళ్ళు అడిగిన మొదటి దొంగ అదేనేమో. అది దూరిన కన్నాన్ని పూడ్చే అప్‌డేట్ మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చింది, దాదాపు రెండు నెలల ముందు. బాబాయ్ ల్యాప్‌టాప్‌లో అప్‌డేట్ ఎప్పుడు వచ్చినా రేపు గుర్తుచెయ్యి అని నొక్కుతాడు, పిల్లలు హోంవర్క్ రేపు తెస్తామంటే ఒప్పుకోని మనిషి. ఫొటోలకి ఇంకో కాపీ పెట్టుకో అంటే "అంత చెడ్డ మాట ఎందుకురా పండగ పూట" అంటాడు.

సరే, మొన్న దసరాకి వెళ్ళా. ఆయుధపూజ అయినట్టుంది, ల్యాప్‌టాప్ మూత మీద మూడు బొట్లు, యూఎస్‌బీ పోర్టులో కుంకుమ. తెరిస్తే కింద కుడి మూల టకటకా వార్నింగులు, మీ పీసీలో 5 వైరస్‌లు, మీ రక్షణ ఈ రోజుతో ముగిసింది, వెంటనే రెన్యూ చెయ్యండి అని ఎర్రగా మెరుస్తూ. అవేవీ యాంటీవైరస్ పంపినవి కావు. బ్రౌజర్‌లో చూస్తే పంతొమ్మిది సైట్లకి నోటిఫికేషన్ పంపే అనుమతి ఇచ్చి ఉంది, ఆ దొంగ వార్నింగులన్నీ అక్కణ్ణుంచే.

"ఎందుకిచ్చావు బాబాయ్ వీటికి పర్మిషన్?"

"నువ్వు రోబోట్ కాకపోతే అలౌ నొక్కు అని ఉందిరా. నేను రోబోట్ కాదు కదా మరి!"

దీనికి నా దగ్గర సమాధానం లేదు. అరగంట కూర్చుని పంతొమ్మిదీ తీసేశా, పెండింగ్‌లో ఉన్న అప్‌డేట్లన్నీ రాత్రంతా ఎక్కించా, టైమ్ అయిపోయిన ఆ కొన్న యాంటీవైరస్ తీసేస్తే డిఫెండర్ ఏ నిష్ఠూరం లేకుండా మళ్ళీ వచ్చి తన పనిలో కూర్చుంది. హాయిగా హైదరాబాద్ బస్సెక్కా.

నాలుగో రోజు పొద్దున్నే ఫోన్.

"ఒరేయ్, ఏం చేసి వెళ్ళావురా? రోజూ పదిసార్లు వైరస్ వచ్చిందని చెప్పేది, నువ్వెళ్ళిన దగ్గర్నుంచి నోరు మెదపట్లేదు. పని చెయ్యడం మానేసినట్టుంది. మూడేళ్ళ ప్యాక్ ఆఫర్‌లో ఉంటే కొనేశా, ఆ కీ ఎక్కడ కొట్టాలో చెప్పు."